నలభై ఏడో గడి

ఈ రాత్రికి నా పేరు హైమవతి.
ఊరు విశాఖ. పుట్టగొడుగులు పడవు.
అంతా ఆఫీసువాళ్ళు అల్లిచ్చిన కథ.
నిజానికి మా ఇల్లు ఇక్కడికి నాలుగు కిలోమీటర్లు,
మలక్‌పేట, ఆటోకి ఎనభై రూపాయలు.

హోటళ్ళలో తప్పులు వెతకడం నా కొలువు.
ఫోను ఎన్నో మోతకి ఎత్తారు,
పటం చట్రం మీద వేలితో గీస్తే దుమ్మంటిందా,
ఎదురొచ్చినవాడు నవ్వేముందు
నా ముఖం చూశాడా, నా చెప్పులు చూశాడా.
ఫారంలో నలభై ఆరు గళ్ళు.
గడికి సున్నా నుంచి ఐదు.

మొగల్‌పురా సందులో వెల్డింగు షాపుకీ
పావురాల దాణా కొట్టుకీ మధ్య
ఒకప్పటి దేవిడీ ఇది.
ఏడే గదులు.
గుర్రాలు కట్టిన చోట ఇప్పుడు మసాజ్ చేస్తున్నారు.
ఏనుగు పట్టేంత గుమ్మంలోంచి
నా చక్రాల పెట్టె సిగ్గుపడుతూ దూరింది.

గులాబీ షర్బత్. చల్లదనం: నాలుగు.
ఇంతియాజ్ అనే కుర్రాడు తాళంచెవి రెండు చేతులా అందించి
"మూడో మెట్టు కొంచెం ఎత్తు మేడమ్,
నవాబులు కూడా తట్టుకునేవాళ్ళంట" అన్నాడు.
చమత్కారానికి గడి లేదు.
మర్యాద కింద ఐదు వేశాను.

ఐదో నంబరు గది.
మంచం చుట్టూ దోమతెర. దోమ లేదు, తెర ఉంది.
కిటికీ రంగుటద్దాల్లోంచి ఎండ
దుప్పటి మీద ఎరుపు, పచ్చ ముక్కలు పోసి
బేరానికి కూచున్నట్టుంది.
తువాలుతో చేసిన కొంగ నన్నే చూస్తోంది.
ఎన్ని హోటళ్ళు తిరిగినా
దాని మెడ విప్పి ముఖం తుడుచుకోవాలంటే
చెయ్యి వెనకాడుతుంది.

నల్లాలో వేడినీళ్ళకి పన్నెండు సెకన్లు.
హాంగర్లు పదకొండు, ఒకటి తక్కువ.
అప్పుడు కనబడింది,
స్నానాల గదిలో, నిలువుటద్దానికి
ఎడమ అంచున, బాగా కింద, ఇత్తడి చట్రం నీడలో
ఒక బొట్టుబిళ్ళ.
మెరూన్ రంగు. పది రూపాయల అట్టలోది.

అతిథులెవరిదీ కాదు.
వాళ్ళు అద్దం నడిమధ్య అంటించి, మరిచిపోయి పోతారు.
ఇది వంగినవాళ్ళ ఎత్తులో ఉంది,
నేల తుడిచే చేతికి అందేచోట.
చెమట ముఖం కడుక్కున్నాక
మళ్ళీ పెట్టుకుందామని దాచినచోట.

ఫోను చేసి ఇంకో తువాలడిగాను.
రెండో మోతకే ఎత్తారు.
వచ్చినామె యూనిఫాం మీద పేరు, బాలమణి.
నుదుట బొట్టుండే చోట
గుండ్రంగా, లేతగా ఒక మచ్చ.
"ఇంకేమన్నా గావాల్నా మేడమ్?"
ఆమె చూపొకసారి స్నానాల గదిదాకా వెళ్ళొచ్చింది.

"ఏమొద్దు, మంచిగనే ఉన్నది," అనేశాను.
నోరు జారాక గుర్తొచ్చింది,
హైమవతిది విశాఖ.

బాలమణి మడత సరిచేస్తూ,
నా వైపు చూడకుండానే నవ్వింది.
"వైజాగ్‌ల గూడ గిట్లనే మాట్లాడ్తరా మేడమ్?"

తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.
ఐదు.

పరుపు మెత్తదనానికి గడి ఉంది, నిద్రకి లేదు.
గోడవతల వెల్డింగు షాపు
ఆఖరి షట్టరు దించేదాకా వింటూనే ఉన్నాను.
మా ఇంట్లో అద్దం గుర్తొచ్చింది,
బ్లేడుతో గోకినా పోని
నా జిగురు మచ్చలన్నిటితో.

పొద్దున్నే ఫారం నింపాను.
హాంగరు ఒకటి తక్కువ, అని రాశాను.
షర్బత్‌లో తీపి ఎక్కువ, అని రాశాను.
అద్దాల శుభ్రత దగ్గర
పెన్ను కాసేపు ఆగింది.
ఐదు.
మూడేళ్ళ కొలువులో ఇదే మొదటి అబద్ధం,
పేర్లు లెక్కలోకి తీసుకోకపోతే.

కిందికి దిగుతుంటే బాలమణి వరండా తుడుస్తోంది.
నుదుట మెరూన్ రంగు.
ఇద్దరం ఏమీ అనుకోలేదు.
చెప్పినా వినని కాలు
మూడో మెట్టు దగ్గర తట్టుకుంది.

సందు మొగలో ఆటోవాడు
నా పెట్టెని ఎగాదిగా చూసి
మలక్‌పేటకి రెండొందలన్నాడు.

"ఎనబై ఇస్త, వస్తవా రావా?"
అన్నాను, నా సొంత నోటితో.